జీతం ఇచ్చేదీ ప్రభుత్వమే, నెట్ ఇచ్చేదీ ప్రభుత్వమే. యూనియన్ పని ఇంటి నెట్ మీద చేసుకోవచ్చా?

బ్రాడీపేట మాష్టారు:
గుంటూరులో ప్రభుత్వ టీచర్ని, మండలంలో యూనియన్ పనులు కూడా చూస్తుంటాను. ఇంట్లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉంది, టీవీ, నెట్ ఒకే బాక్సులో వస్తాయని పెట్టించాం. మొన్న డీఏ బకాయిల మీద కరపత్రం రాసి గ్రూపులో పెడుతుంటే మా బావమరిది చూసి "బావా, జీతం వాళ్లదే, తీగా వాళ్లదే, నువ్వేం రాస్తున్నావో తెలీదనుకుంటున్నావా" అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్. ప్రైవేటు కంపెనీకి మారితే నిజంగా తేడా ఉంటుందా, డబ్బు దండగేనా? ఏ పార్టీ ప్రభుత్వమైనా నా ప్రశ్న ఇదే, దయచేసి రాజకీయాలు తేకండి.

కృష్ణలంక కుర్రోడు:
2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు, టీచర్లు నిరసనగా చలో విజయవాడ అంటే బీఆర్టీఎస్ రోడ్డు నిండా మీవాళ్లే కదా మాష్టారూ, పేపర్లలో ఫోటోలు కూడా పడ్డాయి. ఇంకా దాచేదేముంది?

బ్రాడీపేట మాష్టారు:
రోడ్డు మీదికి రావాలని నేననుకుని వచ్చాను తమ్ముడూ. రాత్రిపూట ఎవరితో ఏం మాట్లాడుతున్నానో నేనెవరికీ చెప్పలేదు.

స్విచ్‌రూమ్:
నెట్‌వర్క్ పనిలోనే ఉన్నాను, ఆ సంస్థలో కాదు. వాట్సాప్ మెసేజ్‌లో ఏముందో లైను ఎవరిదైనా కనబడదు, మీ ఫోన్లోనే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, అవతలి ఫోన్లోనే విడిపోతుంది. జీమెయిల్, బ్యాంకు సైట్లలో మీరు చూసేదీ లైనువాళ్లకి కనబడదు. వాళ్లకు తెలిసేది మీరు ఏ సైటుకి, ఎప్పుడు వెళ్లారు, ఎంత డేటా వాడారు అన్నది. అది చిన్న విషయం అనుకోకండి, రోజూ రాత్రి పదకొండింటికి యూనియన్ సైటుకి వెళ్తుంటే లోపల ఏం చదివారో ఎవరికి కావాలి? డీఎన్ఎస్, అంటే సైటు పేరుకి అడ్రసు వెతికిపెట్టే సర్వీసు, మార్చినా చాలా సైట్ల పేర్లు కనెక్షన్ మొదట్లోనే బయటపడిపోతాయి. టీవీ సంగతి ఎవరూ అడగరు గానీ, పాత కేబుల్లో ఛానళ్లన్నీ ఇంటికే వచ్చి పడేవి, ఇక్కడ మీరు ఛానల్ మార్చినప్పుడల్లా ఆ రిక్వెస్టు నెట్‌వర్క్‌కి వెళ్తుంది. ముందు ఒక పని చేయండి, బాక్సు బిగించిన కుర్రాడు పెట్టిన వైఫై పాస్‌వర్డే ఇంకా ఉంటే ఈరోజే మార్చేయండి.

గవర్నరుపేట ప్లీడరు:
ప్రైవేటుకి మారినా చట్టం మారదండీ. కంపెనీ ఎవరిదైనా, చట్టప్రకారం ఆర్డరొస్తే మీ నెట్ ట్రాఫిక్ చూపించాల్సిందే, లైసెన్సు షరతుల్లోనే ఉంది. ఆ ఆర్డరు రాష్ట్ర హోం సెక్రటరీ కూడా ఇవ్వొచ్చు. అది సరైనదో కాదో చూసే రాష్ట్ర కమిటీకి అధ్యక్షుడు చీఫ్ సెక్రటరీ, మిగతావాళ్లూ ప్రభుత్వ కార్యదర్శులే, జడ్జి ఒక్కరూ ఉండరు. నాకు అసలు కంపు ఇక్కడే కొడుతుంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కన్నారు, బాగానే ఉంది, కానీ 2023 డేటా రక్షణ చట్టంలో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు దొరికే దారి ఉంచారు.

అయినా మీ బావమరిది మాట పూర్తిగా కొట్టెయ్యలేం. ప్రైవేటువాడికి కనీసం కస్టమర్లు పోతారన్న భయం ఉంటుంది, కాగితం లేకుండా ఫోన్లో అడిగితే "ఆర్డరు పంపండి సార్" అనే అవకాశం ఉంది. అడిగేదీ ఇచ్చేదీ ఒకే ప్రభుత్వమైతే ఆ మాట ఎవరంటారు? ప్రభుత్వ నెట్ వద్దనడం లేదు, ప్రైవేటువాడు తొంగిచూడని ఊళ్లకి కరెంటు స్తంభాల మీద ఫైబర్ వేసింది వాళ్లే. ఎవరడిగితే ఏమిచ్చారో ఏటా ఆ సంస్థ లెక్క బయటపెట్టాలి, మీ యూనియన్ అడగాల్సింది అది.

బ్రాడీపేట మాష్టారు:
అర్థమైందండీ. మా పక్క మండలంలో ఒకాయనకి మెమో వచ్చింది గ్రూపులోవాడెవడో తీసిన స్క్రీన్‌షాట్ వల్ల, దానికి ఏ నెట్ మారాలో మరి. వీపీఎన్ పెట్టుకోమంటారా?

స్విచ్‌రూమ్:
పెట్టుకోవచ్చు, అది మీ ట్రాఫిక్‌కి తాళం వేసి తన సర్వర్ల మీదుగా పంపే సర్వీసు, అప్పుడు లైనువాళ్లకి వీపీఎన్ వాడుతున్నారన్నది తప్ప సైట్ల పేర్లు కనబడవు. కాకపోతే అవన్నీ ఆ వీపీఎన్ కంపెనీకి కనబడతాయి. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచమంటే కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి కూడా. ఉచితంగా దొరికే వాటి జోలికి మాత్రం పోవద్దు.