గేమింగ్ ల్యాప్‌టాప్ మన ఎండలకు ఆగుతుందా? షాపతని మాట నమ్మొచ్చా?

గోదావరిఖని_అక్క:
మా తమ్ముడు ఈ ఏడు బీటెక్‌లో చేరుతున్నడు, సీఎస్‌ఈ. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్ ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ కావాలని పట్టుబట్టిండు. మా దిక్కు మే నెలల ఎండ 45 దాకా పోతది, ఇంట్ల ఏసీ లేదు. "ఏదైనా వేడెక్కుతది, కింద ఫ్యాన్లుండే కూలింగ్ ప్యాడ్ పెట్టుకోండి" అంటున్నడు షాపతను. నిజమేనా?

బెజవాడ_కోడర్:
నిజమే అక్కా. ఐ7-12700హెచ్ లాంటి ఇంటెల్ చిప్‌కి హద్దే 100 డిగ్రీలు. అది దాటబోతే తనే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు. 95 చూసి కంగారు పడక్కర్లేదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చూసి తీసుకోండి.

వరంగల్_శ్రీను:
బ్రో, కాలిపోతుందని ఎవరన్నారు? వేగం తగ్గడమే అసలు నష్టం. డబ్బులు కట్టింది ఆ వేగానికే కదా! 12700హెచ్ మామూలుగా 45 వాట్లు, టర్బోలో, అంటే పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, 115. సన్నటి బాడీలో ఆ 115 కాసేపే. 4060 కూడా అంతే, ల్యాప్‌టాప్‌ని బట్టి 35 వాట్ల నుంచి 115 దాకా ఉంటుంది. డబ్బా మీద పేరు మాత్రం ఒక్కటే. 2018లో ఇంటెల్ ఐ9 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రో మీద ఇదే గొడవ అయితే యాపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చి సర్దింది.

అక్కా, ఫ్యాన్ గదిలో గాలినే కదా లోపలికి లాగేది. మ్యాక్‌బుక్‌లు వాడాల్సిన వాతావరణానికి యాపిల్ రాసిన హద్దు 35 డిగ్రీలు. మేలో మన గదులు పగలే ఆ గీత దాటతాయి. కంపెనీ ఏసీ గదిలో చూసిన లెక్క మన ఇంట్లో రాదు.

షాపులో ల్యాప్‌టాప్‌ని తిరగేసి చూడండి. గాలి రంధ్రాలు అడుగున ఉంటే పరుపు మీద పెట్టగానే మూసుకుపోతాయి. గ్రాఫిక్స్ వాట్లెన్నో అడగండి, షాపతనికి తెలియకపోతే కంపెనీ సైట్లో ఆ మోడల్ పేజీ తీయించండి. రివ్యూ వీడియోల్లో మొదటి ఐదు నిమిషాల స్కోరు కాదు, అరగంట ఆడాక ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) ఎన్నున్నాయో చూడండి.

సర్వీస్_మామ:
నా టేబుల్ మీదికి "ఆగిపోతోంది" అని వచ్చేవాటిలో చాలావాటికి రోగం దుమ్మే. ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య గుడ్డపీలికలా పేరుకుపోతుంది, పట్టుకారుతో లాగితే ఊడి వస్తుంది. అడుగు మూత మామూలు స్క్రూలతో ఊడుతుందా లేదా అడిగి కొనండమ్మా. కూలింగ్ ప్యాడ్ పనికొచ్చేది అడుగు నుంచి గాలి పీల్చేవాటికే.

బెజవాడ_కోడర్:
సరే, వాట్ల సంగతి ఒప్పుకుంటా. కానీ ఫ్యానే లేని యాపిల్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ మీద ఎంతమంది కోడింగ్ చేయట్లేదు? చిప్ తినే కరెంటే తక్కువైతే ఈ బాధ ఉండదు. సీఎస్‌ఈ మొదటి ఏడాది సీకీ పైథాన్‌కీ 4060 ఎందుకు?

వరంగల్_శ్రీను:
కోడింగ్ వరకే అయితే నీతో ఏకీభవిస్తా. గేమ్స్ కూడా ఆడతాడంటే మాత్రం సన్నటిది వద్దు. బరువైనా పర్లేదు, వెనకా పక్కలా గాలి బయటికి పోయే దారి ఉన్నదే తీసుకోండి.

గోదావరిఖని_అక్క:
గేమ్స్ ఆడుతడు, దాచేదేముంది. మందంగ ఉన్నదే చూస్త. వాట్లు రాసి ఉన్న మోడళ్లు రెండు దొరికినయ్, ఒకటి 75, ఒకటి 115. ధరల తేడా 9 వేలు. పెట్టొచ్చా?

సర్వీస్_మామ:
115 దానికి వేడి కూడా ఎక్కువే, దాని ఫ్యాన్లు, రాగి గొట్టాలు ఎన్నున్నాయో చూడకుండా కట్టొద్దు. రెండు మోడళ్ల పేర్లూ ఇక్కడ పెట్టమ్మా, లోపల విప్పిన ఫొటోలు చూసి చెప్తాను.