‘రేజర్’ అడ్మిరల్ కెయిన్ పాపాన్ని కడిగేసిందా?

తొమ్మిదో గ్రహం

‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ పూర్తిగా చూసినవారి కోసమే ఈ చర్చ. 2003లో మొదలైన కొత్త సిరీస్ గురించి అంటున్నాను, 1978 నాటి దాని గురించి కాదు. చూడనివారు ఇక్కడే ఆగిపోండి, కథంతా బయటపడుతుంది.

మూడో సీజన్ అయిపోయి నాలుగోది ఇంకా రాకముందు, 2007 నవంబర్ 24న సైఫై ఛానల్ ‘రేజర్’ అనే టీవీ సినిమా ప్రసారం చేసింది. ఈమధ్య దాన్ని మళ్లీ చూశాను. మొదటిసారి నచ్చింది, ఈసారి ఒళ్లు మండింది.

రెండో సీజన్‌లో అడ్మిరల్ హెలీనా కెయిన్ కనిపించేది మూడే మూడు ఎపిసోడ్లలో. మనుషులే తయారుచేసి, తరువాత వారి మీదే తిరగబడిన యంత్రాలైన సైలాన్లు (కొన్ని అచ్చం మనిషి రూపంలోనే ఉంటాయి) మనుషుల పన్నెండు లోకాలనూ బూడిద చేశాక మిగిలిన రెండు యుద్ధనౌకల్లో ఒకటి, అడామా నడిపిన గెలాక్టికా, పౌరుల ఓడలను వెంటబెట్టుకుని వెళ్లింది. రెండోది, అంటే కెయిన్ నడిపిన పెగసస్, ఎదురైన పౌరుల ఓడలను ఒలుచుకుని వెళ్లింది. ఆవిడ ఎందుకలా అయిందో ఎవరూ వివరించలేదు. కెయిన్‌గా చేసిన మిషెల్ ఫోర్బ్స్ మొహంలో సంజాయిషీ లేదు, పశ్చాత్తాపమూ లేదు. తీర్పు మనకే వదిలేశారు.

‘రేజర్’ వచ్చి ఆ ఖాళీని నింపేసింది. పెగసస్ చెరలో చిత్రహింసలు పడ్డ జీనా అనే సైలాన్ గూఢచారి కెయిన్‌కు ప్రియురాలట! డీవీడీలో వచ్చిన పొడిగించిన కూర్పులోనైతే బాల్యం కూడా ఉంది. టారాన్ గ్రహం మీద సైలాన్లు విరుచుకుపడినప్పుడు చిన్నారి హెలీనా చెల్లెలిని వదిలి పరుగెత్తింది. ఇంకేముంది, అన్నిటికీ కారణాలు దొరికాయి. ‘పెగసస్’ ఎపిసోడ్ 2005 సెప్టెంబర్‌లో వచ్చింది. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు బయటపడి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ ఎపిసోడ్‌లో జీనాను హింసించింది ఒక సైన్యం, ఒక వ్యవస్థ. సినిమాలో అదంతా మోసపోయిన మనిషి కసిగా తేలిపోయింది.

ఈ సినిమా కెయిన్‌ను కడిగి ఆరేసిందన్నదే నా అభియోగం. కాదనేవారు రండి.

నాలుగో డెక్కు

కాదంటాను. మీరు తప్పు మనిషిని చూస్తున్నారు. ‘రేజర్’ కథానాయిక కెయిన్ కాదు, కెండ్రా షా.

స్టెఫనీ జాకబ్సన్ చేసిన ఆ పాత్ర అంతకుముందు సిరీస్‌లో ఎక్కడా లేదు. సైలాన్లు దాడి చేసిన రోజునే, మరమ్మతులకు ఆగి ఉన్న పెగసస్‌లో కెయిన్‌కు సహాయకురాలిగా చేరుతుంది. అక్కడి నుంచి మనం చూసేదంతా ఆమె కళ్లతోనే. శత్రువు ఊహించినదానికన్నా ఎక్కువమంది ఉన్నారని తెలిసి, దాడి ఆపుదామన్న ఉపాధికారి బెల్జెన్‌ను కెయిన్ అతని తుపాకీతోనే, అందరి ముందూ కాల్చేస్తుంది. షా అక్కడే నిలబడి ఉంటుంది. ఏమీ అనదు. పని కొనసాగుతుంది.

తరువాత సిల్లా అనే పౌర ఓడ. పనికొచ్చే మనుషులను పట్టుకుపోతామంటే అక్కడివారు ఎదురుతిరుగుతారు. ఎదురుతిరిగినవారి కుటుంబాలను కాల్చమని కెయిన్ ఆజ్ఞ. ఈ సంగతి రెండో సీజన్‌లోనే పెగసస్ అధికారి కల్నల్ ఫిస్క్ తాగిన మత్తులో గెలాక్టికా ఉపాధికారి టైకి చెప్పేశాడు. కానీ ‘కాల్చారు’ అని వినడం ఒకటి, మొదటి తూటా ఎవరి వేలు కదిలితే బయటికి వచ్చిందో చూడటం ఇంకొకటి. ఆ వేలు షాది. ఆ క్షణంలో కెయిన్ ఆ ఓడలోనే లేదు. ఆజ్ఞ ఇంకో నౌక నుంచి వస్తుంది, దాన్ని అమలుచేసేది నిన్న మొన్నటిదాకా మామూలుగా ఉన్న ఒక యువ అధికారిణి.

కడిగేయాలనుకున్నవారు నేరాన్ని తెర వెనక్కి నెడతారు. ఇక్కడ అంతకుముందు తెర వెనక ఉండిపోయిన నేరాన్ని పట్టుకొచ్చి మన ముందు పెట్టారు. ఇందులో క్షమాపణ మీకు ఎక్కడ కనిపించింది?

సిరామరక

చర్చ పక్కదారి పట్టిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా తమ్ముడు ప్రస్తుతం రెండో సీజన్ చూస్తున్నాడు, కెయిన్ కథ ముగిసే ‘రిజరెక్షన్ షిప్’ రెండు భాగాలూ అయ్యాయి. ‘రేజర్’ను ఇప్పుడే చూపించాలా, మూడో సీజన్ అయ్యాకా? కథాకాలం ప్రకారం సినిమాలోని వర్తమానం రెండో సీజన్‌లోనే కదా. అడామా కొడుకు లీ పెగసస్ పగ్గాలు చేపట్టిన కొత్తలో జరుగుతుంది.

తొమ్మిదో గ్రహం

పక్కదారేమీ కాదు, ఇదీ అదే గొడవ. ఇప్పుడే చూపిస్తే కెయిన్ గురించి మీ తమ్ముడు సొంతంగా ఒక అభిప్రాయానికి వచ్చేలోపే సినిమా వచ్చి సంజాయిషీ వినిపిస్తుంది. ఆగమనండి.

నాలుగో డెక్కు గారూ, షా విషయంలో మీతో నాకు పేచీ లేదు. సినిమాలో బలమైన భాగం అదే. కానీ ఆమె కథ చెప్పడానికి కెయిన్‌కు ప్రేమకథ ఎందుకు? భోజనాల బల్ల దగ్గర కెయిన్, జీనా చూపులు కలిసే సన్నివేశం తీసేయండి. షా కథలో ఒక్క ముక్క తగ్గదు. కానీ అది ఉండటం వల్ల ఖైదీలను విచారించే లెఫ్టినెంట్ థోర్న్‌కు జీనాను అప్పగించే సన్నివేశం అర్థమే మారిపోయింది. భయం, సిగ్గు, అవమానం ఆయుధాలుగా వాడమని కెయిన్ చెబుతున్నప్పుడు మనం ఖైదీ వైపు కాకుండా కెయిన్ గాయం వైపు చూస్తాం. దర్శకుడు ఫెలిక్స్ ఎన్రికేజ్ అల్కలా కెమెరానూ అటే తిప్పాడు.

చెవిటి రాడార్

1978 సిరీస్‌ను వెనక్కి నెట్టేశారు కాబట్టి నేను మాట్లాడాలి. అందులోనూ పెగసస్ ఉంది, కెయిన్ ఉన్నాడు. లాయిడ్ బ్రిడ్జెస్ వేసిన కమాండర్ కెయిన్ దూకుడు మనిషి, కీర్తికాముకుడు, కానీ చూసేవారికి ముచ్చటేసే వీరుడు. కొత్త సిరీస్ రచయితలు ఆ వీరుడినే తీసుకుని, అటువంటి దూకుడు నిజంగా ప్రపంచం అంతమైన చోట ఏం చేస్తుందో చూపారు. అది గొప్ప ఆలోచన. అక్కడితో ఆపి ఉండాల్సింది.

‘రేజర్’తో అసలు చిక్కు మీరిద్దరూ వదిలేశారు. అది ఒక సినిమా కాదు, మూడు. షా కథ ఒకటి, కెయిన్ కథ ఒకటి, నలభై ఏళ్ల కిందటి మొదటి సైలాన్ యుద్ధంలో కుర్ర అడామా చూసిన ప్రయోగశాల కథ ఇంకొకటి. మూడోదాన్ని ముక్కలు చేసి ఏడు చిన్న భాగాలుగా ప్రసారానికి ముందే ఇంటర్నెట్‌లో వదిలారు కూడా. డీవీడీ వ్యాపారం కోసం పుట్టిన సినిమా ఇది. ప్రసారమైన పది రోజులకే డిస్కు అంగళ్లలోకి వచ్చింది. సరుకు ఎక్కువ ఉందని చూపించుకోవాలి కదా మరి! పాత ఆకారపు సైలాన్లను మళ్లీ తెరమీద చూసి నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు. కానీ రచయిత మైఖేల్ టేలర్ షా కథ ఒక్కటే రాసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

ఉత్తరధ్రువం

నాకు కెయిన్ అంత పెద్ద రాక్షసిగా ఎప్పుడూ కనిపించలేదు. తిట్టండి, సిద్ధంగానే ఉన్నాను.

సిరీస్‌కు ముందు వచ్చిన మినీ సిరీస్‌లో అధ్యక్షురాలు లారా రోస్లిన్ ఏం చేసింది? కాంతిని మించి గెంతగలిగే ఇంజన్లు లేని ఓడలను, అందులోని మనుషులతో సహా వదిలేసి వెళ్లింది. మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో లీ, గెలాక్టికా పైలట్ కారా థ్రేస్ కలిసి ‘ఒలింపిక్ క్యారియర్’ అనే పౌర ఓడను పేల్చేశారు. అందులో వెయ్యికి పైగా మనుషులు ఉన్నారేమోనన్న అనుమానంతోనే పేల్చారు. వీళ్లంతా మనకు వీరులు. అదే లెక్క కెయిన్ వేస్తే హంతకి. ‘రేజర్’ చివర్లో కెయిన్ దస్త్రాలు చదివిన అడామా కొడుకుతో ఏమంటాడో గుర్తు తెచ్చుకోండి. సైనిక వ్యూహంగా చూస్తే ఆవిడ చేసినవాటిలో తప్పుపట్టడం కష్టమనే కదా.

నాలుగో డెక్కు

ఆ మాట అక్కడితో ఆపేస్తే ఎలా? తరువాతి మాటలే సినిమాకు ప్రాణం. తనకు ఎదురు వాదించే రోస్లిన్ ఉంది, దారి తప్పితే పట్టుకునే టై ఉన్నాడు. అన్నిటికన్నా, తాను కొన్ని పనులు చేయాలనుకుని కూడా మరుసటి రోజు కొడుకు మొహం చూడాలి కదా అని ఆగానని ఒప్పుకుంటాడు. కెయిన్‌కు ఆ ఇబ్బంది లేదు. ఉన్న ఒక్క బెల్జెన్‌ను తనే కాల్చేసుకుంది. మీరు దీన్ని కెయిన్‌కు దక్కిన యోగ్యతాపత్రంగా చదివారు. నాకైతే అడామా తన గురించి తాను భయపడటమే వినిపించింది.

తొమ్మిదో గ్రహం

ఉత్తరధ్రువం గారికి. రోస్లిన్ ఆ ఓడల ఇంజన్లు పీక్కుపోలేదు. నడవలేనివాడిని వదిలి వెళ్లడం వేరు, నడిచేవాడి కాళ్లు విరగ్గొట్టి ఆ కర్రతోనే నడుచుకుంటూ వెళ్లడం వేరు. పెగసస్‌కు ఎదురైన పౌర ఓడలు ఎగరగలిగినవే. వాటి విడిభాగాలు, నిపుణులు కెయిన్‌కు కావాలి, మిగతావారు అక్కర్లేదు. సిల్లా నుంచి తెచ్చిన ఇంజనీరు లెయిర్డ్‌ను చూశారుగా, తెచ్చింది మనిషిని కాదు, పనిముట్టును. రెండో సీజన్‌లో అడామా కెయిన్ హత్యకు ఆజ్ఞ ఇచ్చి కూడా చివరి క్షణంలో వెనక్కి తీసుకున్నాడు. బతికితే చాలదు, బతకడానికి తగినవాళ్లమై ఉండాలని చెప్పాడు. ఆ తేడాను లెక్కల్లో కలిపేయకండి.

నాలుగో డెక్కు గారు చెప్పిన తండ్రీకొడుకుల సంభాషణ బాగుంది, ఒప్పుకుంటాను. అయితే అందులో కూడా ఒక తప్పించుకునే దారి ఉంది. కెయిన్‌కు కుటుంబం లేదు కాబట్టి అలా అయింది, అడామాకు కొడుకున్నాడు కాబట్టి ఇలా ఉన్నాడు అంటే నేరం మళ్లీ ఇంటి విషయమైపోయింది. చట్టం ఏమైంది? పౌర ప్రభుత్వం ఏమైంది? 2009 మార్చి 17న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఈ సిరీస్ మీద, మానవ హక్కుల మీద చర్చ పెట్టారు. అడామాగా, రోస్లిన్‌గా చేసిన ఓల్మోస్, మెక్‌డొనెల్ కూడా వెళ్లారు. అంత గౌరవం దక్కింది సిరీస్ ఆ ప్రశ్నలను నడివీధిలో నిలబెట్టి అడిగినందుకే కానీ, పడకగదిలో అడిగినందుకు కాదు.

నాలుగో డెక్కు

ప్రేమకథ నేరాన్ని చిన్నది చేసిందంటున్నారు. నాకు పెద్దది చేసినట్టే ఉంది. తన సొంత కసి తీర్చుకోవడానికి ఒక అడ్మిరల్ యుద్ధనౌకను, అందులోని సిబ్బందిని, చెరసాలను వాడుకుంది. సైనిక అవసరమన్న సాకు కూడా పోయింది. రెండో సీజన్ వరకూ ‘సమాచారం రాబట్టడానికే కదా’ అని ఆవిడ తరఫున ఎవరైనా వాదించగలిగేవారు. ‘రేజర్’ తరువాత ఆ వాదన నోట్లోంచి రాదు. జీనాగా ట్రిషియా హెల్ఫర్ ఆ గదిలో చేసిన నటన చూసి కూడా మీ జాలి కెయిన్ వైపు వెళ్లిందంటే నేను చేయగలిగింది లేదు.

పోతే, షా తన ప్రాణం ఇచ్చి అణుబాంబు పేల్చే చివరి ఘట్టంలో ఆమెకు క్షమ దొరకదు. సగం మనిషి, సగం యంత్రమైన ఆ ముసలి హైబ్రిడ్ ముందు పాపం ఒప్పుకోబోతుంది. బదులుగా దొరికేది కారా థ్రేస్ గురించి ఒక జోస్యం, దాన్నీ బయటికి చేరవేయలేకపోతుంది. షాకే క్షమ దక్కని సినిమాలో కెయిన్‌కు ఎలా దక్కుతుంది?

చెవిటి రాడార్

సిరామరక గారి ప్రశ్నకు ఎవరూ పూర్తిగా జవాబు చెప్పినట్టు లేరు. మూడో సీజన్ అయ్యాకే చూపించండి. కెయిన్ కోసం కాదు, ఆ జోస్యం కోసం. కారా మానవజాతిని అంతం వైపు నడిపిస్తుందన్న మాట బరువు మూడో సీజన్ చివరి నిమిషం చూసినవారికే తెలుస్తుంది. పైగా హైబ్రిడ్లు అనేవి ఉన్నాయని తెలిసేదే మూడో సీజన్‌లో. ఎలాగూ ‘రేజర్’ను తీసింది నాలుగో సీజన్ మొదటి రెండు ఎపిసోడ్ల లెక్కలోనే.

సిరామరక

అలాగే చేస్తాను. మరి ప్రసారమైన కూర్పా, పొడిగించినదా?

తొమ్మిదో గ్రహం

ప్రసారమైనదే. ఆ చెల్లెలి కథ వాడికి తెలియకపోతేనే మంచిది.

నాలుగో డెక్కు

పొడిగించినదే చూపించండి. చూశాక వాడు కెయిన్‌ను క్షమించాడో లేదో వచ్చి ఇక్కడ రాయమనండి.