బీల బురదలో పాత కరువులు దొరుకుతాయా?

సోంపేట రైతు:
మా బీల (ఊరి చిత్తడి నేల) బురదని గొట్టంతో తీసి పరీక్షిస్తే వేల ఏళ్ల కిందటి వానల సంగతి తెలుస్తుందని ఒక కుర్రాడు అన్నాడు. మహారాష్ట్రలోని లోనార్ సరస్సులో అలాగే తెలిసిందట. నాకైతే నమ్మకం కుదరడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

విజయనగరం జియాలజీ విద్యార్థి:
నిజమే బాబాయ్ గారూ. లోనార్ ఉల్క పడి ఏర్పడిన గుంట. అందులో నీరు బయటికి పోదు, ఎండకి ఇగరాల్సిందే. బాగా ఇగిరి ఉప్పు చిక్కబడితే గేలుసైట్ అనే ఖనిజం పేరుకుంటుంది. అది బురదలో ఏ పొరల్లో ఉందో చూసి, 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందటి వరకు కరువు కాలమని తేల్చారు. హర్యానాలో కోట్లా దహర్ అనే పాత సరస్సు ఉంది. అక్కడ నత్త గుల్లలు చూశారు. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికైన ఆక్సిజన్-16 ఎక్కువగా పోయి, బరువైన ఆక్సిజన్-18 మిగులుతుంది. గుల్లలో ఆ పాళ్లే నిలిచిపోతాయి, బరువైనది ఎక్కువుంటే నీరు బాగా ఇగిరిందన్నమాట. మన బీలలోనూ ఇలా చూడొచ్చు.

పాలకొండ మాస్టారు:
బాబూ, ఆ లెక్క ఇక్కడ నేరుగా కుదరదు. బీలలోకి గెడ్డల (వాగుల) నీరు వస్తుంది, నిండితే సముద్రం వైపు పోతుంది. తుపానుకి ఉప్పునీరు ఎక్కినా బురదలో ఉప్పు పెరుగుతుంది. 2018లో తిత్లీ చూశాం కదా. ఆ ఉప్పుని కరువు అనుకుంటే తప్పు.

నా అసలు అనుమానం కార్బన్ మీద. గోదావరి ముఖద్వారం దగ్గర సముద్రపు బురదలో ఆకుల మైనం పరీక్షించి, 4,000 ఏళ్ల కిందటి నుంచి నేల క్రమంగా పొడిబారిందని 2012లో చెప్పారు. పొడి నేలలో పెరిగే గడ్డిలో కార్బన్-13 (బరువైన రకం కార్బన్) ఎక్కువ, చెట్లలోనూ వరిలోనూ తక్కువ. ఆ లెక్కకి ఆధారం ఇదే. కానీ మన చోడి (రాగి), జొన్న, గంటి (సజ్జ) కూడా ఆ గడ్డి జాతివే! కొండ మీద అడవి కొట్టి పోడు చేసి చోడి చల్లితే, వాన తగ్గకపోయినా బురద కరువనే చెబుతుంది. పొయ్యి మీద చోడి అంబలి కాగడం మొదలైన రోజుకీ, వానలు ముఖం చాటేసిన రోజుకీ తేడా ఎలా చెబుతావు?

విజయనగరం జియాలజీ విద్యార్థి:
మాస్టారూ, ఒక్క కార్బన్‌తో చెప్పలేం, ఒప్పుకుంటాను. టైటానియం కూడా కలిపి చూడాలి. అది కొండ మట్టితో పాటు వరదలో కొట్టుకొస్తుంది. నిజంగా వానలు తగ్గితే అదీ తగ్గాలి. పోడు వల్ల అయితే మట్టి ఇంకా ఎక్కువ కోసుకుపోయి పెరుగుతుంది, బొగ్గు నలుసులూ కనబడతాయి. వరి అయితే ఆకుల్లోని సిలికా రేణువుల ఆకారమే పట్టిస్తుంది.

పాలకొండ మాస్టారు:
అవన్నీ ఒకే గొట్టం బురదలో, ఒకే పొరలో చూపించు, నేను నీ పక్షమే. ఒక్క అంకె పట్టుకుని పాత కరువుల కథ రాస్తే మాత్రం ఒప్పుకోను. ఇంకో టెన్షన్ ఉంది. పొరలు తలకిందులైతే కార్బన్-14తో కట్టిన వయసు కూడా పనికిరాదు. మనవాళ్లు పూడిక తీసి పొలాలకి తోలిన చోటల్లా చరిత్ర పోయినట్టే.

సోంపేట రైతు:
ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. ఈ ఎండాకాలం మట్టి తోలే ముందు కొంత చోటు ముట్టకుండా వదలమంటే ఊళ్లో మాట్లాడతాను. ఎక్కడ వదలాలి?

విజయనగరం జియాలజీ విద్యార్థి:
గెడ్డ వచ్చి పడే చోటు వద్దు, అక్కడ వరదకి పొరలు కోసుకుపోతాయి. నీరు కదలకుండా నిలిచే లోతైన నడుమ భాగం వదలండి. పశువులు దిగి తొక్కే చోటు కాకూడదు బాబాయ్ గారూ.