జెర్మ్ గ్రాన్యూల్‌లో ఎంఆర్ఎన్ఏ గుంపులు: లెక్క, దూరం సరిగ్గా కొలవడం ఎలా?

డ్రోసోఫిలా (పండ్ల ఈగ) పిండంలో పోల్ కణాలు (తర్వాత బీజకణాలయ్యేవి) ఏర్పడకముందు, వెనుక కొన దగ్గరి జెర్మ్ గ్రాన్యూల్స్‌లో (ఆర్ఎన్ఏ, ప్రోటీన్లు గుమిగూడిన రేణువుల్లో) నానోస్, సైక్లిన్ బి జన్యువుల ఎంఆర్ఎన్ఏలను ఎస్ఎంఫిష్‌తో (ఒక్కో ఆర్ఎన్ఏ అణువును మెరిసే చుక్కగా చూపే పద్ధతితో) చూస్తున్నాం. ఒక్కోదానికి 20 న్యూక్లియోటైడ్ల ప్రోబ్‌లు (ఆర్ఎన్ఏకు అతుక్కునే, రంగు తగిలించిన చిన్న డీఎన్ఏ ముక్కలు) 40కి పైగా. ప్రోబ్‌లు అతుక్కోవడానికి 10% ఫార్మమైడ్, 37 డిగ్రీల సెల్సియస్, రాత్రంతా. గ్రాన్యూల్ గుర్తుకు వాసా-జీఎఫ్‌పీ (గ్రాన్యూల్‌లో ఉండే వాసా ప్రోటీన్‌కు ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించినది).

గ్రాన్యూల్స్ బయట విడిగా ఉన్న నానోస్ చుక్కల ప్రకాశం హిస్టోగ్రామ్‌లో ఒకే శిఖరంగా వస్తోంది. దాన్ని ఒక అణువుగా తీసుకుని, గుంపు మొత్తం ప్రకాశాన్ని దానితో భాగిస్తున్నాం. కానీ లేజర్ పవర్ మారిస్తే సంఖ్యా మారుతోంది! 12-బిట్ డిటెక్టర్‌లో పెద్ద గుంపులు 4095 (డిటెక్టర్ గరిష్ఠ విలువ) దగ్గర ఆగిపోతున్నాయి. పవర్ తగ్గిస్తే ఒంటరి చుక్కలు నేపథ్యంలో కలిసిపోతున్నాయి. ఒకే చోట రెండు పవర్లతో తీసి, రెండింటిలోనూ కనిపించే మధ్యరకం చుక్కలతో స్కేల్ కలపడం సబబేనా? మొదటి స్కాన్‌లో జరిగే ఫోటోబ్లీచింగ్‌ను (కాంతి తగిలి రంగు వెలిసిపోవడాన్ని) ఎలా సరిచేస్తారు?

అసలు చిక్కు దూరం కొలవడంలో ఉంది. ఒకే గ్రాన్యూల్‌లో నానోస్ గుంపు, సైక్లిన్ బి గుంపు 150-200 నానోమీటర్ల ఎడంగా కనిపిస్తున్నాయి. సరిదిద్దని క్రోమాటిక్ షిఫ్ట్ (రంగును బట్టి చుక్క స్థానం కాస్త జరిగి కనిపించడం) కూడా అంత ఉండొచ్చు కదా. బీడ్లతో (అన్ని రంగుల్లోనూ మెరిసే అతి చిన్న గోళాలతో) సరిదిద్దాం, అయితే బీడ్లు కవర్‌స్లిప్‌కు అంటుకుని ఉంటాయి, గ్రాన్యూల్స్ లోతులో ఉంటాయి. అందుకే నానోస్ ప్రోబ్‌లనే సరి, బేసి వరుసలుగా విడదీసి రెండు రంగుల్లో వేసి, అక్కడ వచ్చే దూరాన్ని సున్నాగా పెట్టుకోవాలనుకుంటున్నాం. ఈ కంట్రోల్ వేరే పిండంలో చేస్తే సరిపోతుందా, లేక మూడో రంగుతో అదే పిండంలో చేయాల్సిందేనా? చేసి చూసినవారు చెప్పగలరు.