వీరగల్లులో ‘కల్లు’ ఏమిటి?

గుత్తి నుంచి ప్రశ్న: మా ఊరి పొలిమేరలో కత్తి, డాలు పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి ఉంది. ముసలోళ్లు ‘ఈరగల్లు’ అంటారు. ‘ఈర’ వీరుడిదే, సరే. ఆ ‘గల్లు’ ఏమిటి? పేపర్లో యుద్ధం ఫొటో కింద ‘వీరమరణం’ అని చూసినప్పుడల్లా నాకు ఆ రాయే గుర్తొస్తుంది. రెండిటికీ ఏమైనా సంబంధం ఉందా సార్?

జమ్మలమడుగు మాస్టారు: కల్లు అంటే రాయి. కన్నడంలో ఇప్పటికీ అదే మాట. సమాసంలో ‘క’ కాస్తా ‘గ’ అయింది. మీ గుంతకల్లులోదీ ఇదే కల్లు అంటారు. తాగే కల్లుతో పొత్తు లేదు, ఆ జోకు ఎవరూ వేయకండి.

మీ రెండో ప్రశ్న ఇంకా మంచిది. చాలా వీరగల్లుల్లో మూడు అంతస్తులు చెక్కేవారు. కింద పోరు. నడుమ అప్సరసలు వీరుణ్ణి స్వర్గానికి మోసుకుపోవడం. పైన శివలింగం ముందు అతను, ఆ పైన సూర్యచంద్రులు. ఆవుల మంద కోసం పోరాడి చచ్చినవాడికీ ఇదే మర్యాద. కెమెరాకు చిక్కేది కింది అంతస్తు ఒక్కటే. పై రెండూ మనం ‘వీరమరణం’ అన్న మాటతో కడుతున్నాం.

అనంతపురం నుంచి: మాస్టారూ, ఆ కింది అంతస్తులో కూడా నొప్పి ఉండదు. వీరుడు నిటారుగానే ఉంటాడు. 1858లో ఫెలీచె బియాటో అనే ఫొటోగ్రాఫరు లక్నో సికందర్ బాగ్‌లో తీసిన ఫొటో చూడండి. 1857 తిరుగుబాటులో, అంతకుముందు నవంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్ల చేతిలో చచ్చిన సిపాయిల ఎముకలు ఆవరణ నిండా పడి ఉంటాయి. ఫొటో కోసమే ఎముకలను అలా పరిచారని చాలామంది చరిత్రకారుల మాట. అంటే కెమెరా కూడా చెక్కుతుంది. కాకపోతే గెలిచినవాడి కోసం చెక్కింది. ఆ ఎముకల్లో ఏ ఒక్కరి పేరూ మనకు తెలియదు.

కర్నూలు అక్క: పేరు సంగతికొస్తే, మన వీరగల్లులు చాలావాటి మీద ఒక్క అక్షరం ఉండదు. రాయి పేరు నిలుపుతుందని మరీ పొంగిపోనక్కర్లేదు.

నాకు పట్టేది వేరే. బతికిపోయినవాళ్లకు రాయి లేదు. పెళ్లానికి సతికల్లు పడాలంటే ఆమె మొగుడి చితిలో దూకాల్సి వచ్చేది. అప్పుడు గాజుల చేయి ఒకటి చెక్కేవారు. దూకకుండా పిల్లల్ని సాకినామెకు ఏమీ లేదు. 1972 జూన్ 8న వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్ దగ్గర నాపాం బాంబుల మంటల్లోంచి ఏడుస్తూ పరుగెత్తి, ఫొటోలో పడిన కిమ్ ఫుక్ అనే పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆమె చావలేదు, కత్తి పట్టలేదు. ఏ శిల్పి చెక్కుతాడు ఆమెను? ఆ పని ఫొటోనే చేసింది.

కడప నుంచి: భారతంలో స్త్రీపర్వం ఆ పని ముందే చేసింది అక్కా. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో గాంధారి దూరం నుంచే రణరంగం చూస్తుంది. కృష్ణుడికి ఒక్కొక్కరినే చూపుతూ ‘చూడు, చూడు’ అంటుంది. అభిమన్యుడి ఒళ్లు నిమిరే ఉత్తర, భూరిశ్రవుడి తెగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చే భార్య... స్వర్గం సంగతి ఆ ఏడుపుల్లో ఎవరికి కావాలి? ‘వీరమరణం’ పక్కన ఆ ‘చూడు’ను పెట్టి చూడండి.

మాస్టారు: మంచి మాట. అయితే గాంధారి కౌరవులనే కాదు, అభిమన్యుణ్ణీ చూపింది. మన పేపర్లలో ఆ పని ఎవరు చేస్తున్నారు?

అనంతపురం నుంచి: నేను కొన్నాళ్లు ఒక పత్రిక డెస్కులో పనిచేశా, చెబుతా. మనవాడైతే ‘వీరమరణం’, అవతలివాడైతే ‘హతం’, మధ్యలో ఊరివాళ్లయితే ‘మృత్యువాత’. మూడు ఫొటోల్లోనూ శవం శవంలాగే ఉంటుంది, మేం రాసే మాటే మారుతుంది. ఊరివాళ్ల ఫొటోకు ఏజెన్సీ ఎప్పుడైనా పేరు పంపితే, జాగా చాలనప్పుడు మొదట కోసేది ఆ పేరునే.