విండోస్ 7లో పాత క్రోమ్‌తో నెట్ సెంటర్ నడపొచ్చా?

కావలి_నెట్‌సెంటర్:
కావలిలో చిన్న నెట్ సెంటర్ నాది. ఫీజులు, హాల్ టికెట్లు, పాన్ అప్లికేషన్లు, రొయ్యల రైతుల బ్యాంకు పనులు చేస్తుంటాను. సిస్టమ్స్ అన్నీ విండోస్ 7. క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, ఇక అప్‌డేట్ రాదంట. మొన్న ఇంజినీరింగ్ పిల్లాడొకడు "అన్నా, దీని జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో బగ్స్ ఉన్నాయి, ఇందులో పాస్‌వర్డ్ కొట్టను" అని లేచి వెళ్లిపోయాడు. యాంటీవైరస్ ఉంది, సిస్టమ్స్ బాగానే నడుస్తున్నాయి. నిజంగా మార్చాలా?

ఒంగోలు_హార్డ్‌వేర్:
అక్కర్లేదు. తెలియని ఫైల్ డౌన్‌లోడ్ చేయకుండా, మెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా ఉంటే చాలు. పేజీ తెరిచినంత మాత్రాన వైరస్ ఎక్కదు. ఇంతకాలంగా సిస్టమ్స్ బాగుచేస్తున్నా, అలా ఎక్కినది ఒక్కటీ నా టేబుల్ మీదికి రాలేదు.

కోవూరు_కోడర్:
అన్నా, పేజీ తెరిస్తే చాలు. జావాస్క్రిప్ట్ ఇంజిన్ బగ్ అంటేనే అది. పేజీతో పాటు వచ్చిన కోడ్‌ని బ్రౌజర్ అప్పటికప్పుడు నడుపుతుంది. క్రోమ్‌లో ఆ పని చేసేది వీ8. ఒక ఫంక్షన్ పదేపదే నడుస్తుంటే, అందులోకి ఎప్పుడూ ఒకే రకం డేటా వస్తోందని అనుకుని దాన్ని నేరుగా మెషీన్ కోడ్‌గా మార్చేస్తుంది. దీన్నే జిట్ అంటారు. వేగం కోసం మధ్యలో చెకింగులు తీసేస్తుంది. సరిగ్గా అక్కడే డేటా రకం మార్చి ఇంజిన్‌ని మోసం చేస్తారు. పొగాకు వేలంలో బేలు మీద చీటీ చూసి ధర కట్టారు, లోపల ఆకు మాత్రం వేరేది అనుకోండి, అలాంటిది. పేరు టైప్ కన్ఫ్యూజన్. దాంతో తాకకూడని మెమరీలోకి చెయ్యి పెట్టొచ్చు. 2019 నుంచి బయటపడ్డ వీ8 లోపాల్లో దాదాపు 45 శాతం జిట్‌కి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2021లో రాశారు.

పేజీ తెరిస్తే ఎక్కదు అన్నారు కదా, 2024లో లాజరస్ అనే హ్యాకర్ల ముఠా ట్యాంకుల గేమ్ పేరుతో ఒక సైట్ పెట్టింది. గేమ్ డౌన్‌లోడ్ చేయాల్సిన పనే లేదు, క్రోమ్‌లో ఆ సైట్ తెరిస్తే చాలని యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ వాళ్లు బయటపెట్టారు.

దర్గామిట్ట_బాబు:
ట్యాంకుల గేమ్ కావలిలో ఎవరు ఆడతారు బ్రదర్?

ఒంగోలు_హార్డ్‌వేర్:
తమ్ముడూ, నీ ఉదాహరణ నేనూ చదివాను. ఆ బగ్ మ్యాగ్లెవ్ అనే కొత్త కంపైలర్‌లోది, అంటే వీ8లో కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే భాగంలోది. అది క్రోమ్ 117తో వచ్చింది. కావలి తమ్ముడి దగ్గరున్నది 109. అందులో మ్యాగ్లెవ్ ఆన్ చేసే లేదు, ఆ బగ్‌తో అతనికి సంబంధమే లేదు. కొత్త వెర్షన్లు కొత్త బగ్స్ తెస్తున్నాయని నువ్వే నిరూపించావు.

కోవూరు_కోడర్:
ఆ ఒక్కటీ సరే, మిగతావి? 109 వచ్చింది 2023 జనవరిలో. బయటపడ్డ లోపాలకి సీవీఈ అని నంబర్లు ఇస్తారు. ఏప్రిల్‌లో సీవీఈ-2023-2033, జూన్‌లో సీవీఈ-2023-3079, రెండూ వీ8లో టైప్ కన్ఫ్యూజన్లే. రెండింటినీ అప్పటికే దాడుల్లో వాడుతున్నారని గూగుల్ తనే చెప్పింది. ఆ లోపాల్ని మూసే ప్యాచులు విండోస్ 7కి రాలేదు. ఇంకోటి, వీ8 కోడ్ అందరికీ కనబడేదే. ప్యాచ్ రాగానే ఏం మార్చారో చూసి, లోపం ఎక్కడుందో పట్టుకుంటారు. కొత్త క్రోమ్‌లో బగ్ దొరికితే రోజుల్లో మూస్తారు. 109లోది తెరిచే ఉంటుంది.

చీమకుర్తి_గ్రానైట్:
ఇవన్నీ వినే మా ఆఫీసులో అన్నీ కొత్త కంప్యూటర్లు కొన్నాను. కొత్త విండోస్, కొత్త క్రోమ్. అయినా కరెంట్ ఖాతాలో డబ్బు పోయింది. బ్యాంకు వాళ్లు "మీరే ఓటీపీ చెప్పుంటారు" అని చేతులు దులుపుకున్నారు. బ్లాకుల లోడింగుకి కట్టాల్సిన డబ్బు అది. కాబట్టి బ్రౌజర్ మారిస్తే భద్రం అనే మాట నా దగ్గర అనొద్దు.

కోవూరు_కోడర్:
సార్, మీకు జరిగింది బ్రౌజర్ బగ్ కాకపోవచ్చు. నకిలీ బ్యాంకు పేజీ అయ్యుండొచ్చు. దానికీ దీనికీ...

చీమకుర్తి_గ్రానైట్:
అంటే నాదే తప్పంటావ్. బ్యాంకు మేనేజరూ ఇదే అన్నాడు.

కోవూరు_కోడర్:
అలా అనలేదు సార్. మీ ఇంటికి దొంగ తలుపు తీయించుకుని వచ్చాడు కాబట్టి పక్కింటాయన తాళం వేసుకోనక్కర్లేదని మీరంటున్నారు. అది ఒప్పుకోను.

ఒంగోలు_హార్డ్‌వేర్:
అసలు సంగతి దాచి భయపెడుతున్నావ్ తమ్ముడూ. వీ8లో బగ్ దొరికినా దొంగ ఉండేది శాండ్‌బాక్స్ లోపలే, అంటే పేజీ కోడ్ బయటికి రాకుండా బ్రౌజర్ కట్టిన గోడ లోపలే. సిస్టమ్ మీదికి రావాలంటే ఇంకో బగ్ కావాలి. ఆ మాట ఒక్కసారీ చెప్పలేదు.

కోవూరు_కోడర్:
చెప్తాను. ఆ రెండో బగ్ విండోస్ 7లో సులువుగా దొరుకుతుంది కాబట్టే నా గొడవ. 2019 మార్చిలో క్రోమ్‌లో ఒక లోపం, 32 బిట్ విండోస్ 7కి గుండెలాంటి కెర్నెల్‌లో ఇంకో లోపం కలిపి దాడి చేశారని గూగుల్ ప్రకటించింది. ఆ క్రోమ్ లోపం వీ8ది కాదు, కానీ దారి అదే. విండోస్ 7కి మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది. శాండ్‌బాక్స్ గోడ నిలబడ్డ నేలే కుంగిపోయింది.

ఒంగోలు_హార్డ్‌వేర్:
అయితే దేనికి మారమంటావ్? విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు. 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఈ పాత బోర్డుల్లో ఉండదు. అంటే మొత్తం సీపీయూలు కొత్తవి కొనాలి. బయోమెట్రిక్ మిషన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కొత్త సిస్టమ్‌లో పనిచేయకపోతే నన్నే తిడతారు. మారిస్తే చాలు అని చెప్పి వెళ్లిపోయే మీలాంటోళ్ల వల్ల ఎంతమంది నన్ను నిలదీశారో నీకేం తెలుసు? కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద బెంగుళూరులో కూర్చుని జెరాక్స్ కాపీకి రెండు రూపాయలు తీసుకునేవాడికి నీతులు చెప్తున్నావ్.

కోవూరు_కోడర్:
ఖర్చు గురించి ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీరు మొదటి నుంచీ ప్రమాదమే లేదంటున్నారు. ప్రమాదం ఉంది, డబ్బు లేదు అనండి, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పోయేది షాపు ఓనర్ డబ్బు కాదు కదా! వచ్చిన జనానిది.

టంగుటూరు_టీచరమ్మ:
రిటైరయ్యాను. పెన్షన్ పనులకి నెట్ సెంటర్‌కే వెళ్తాను. ఆధార్, బ్యాంకు పాస్‌వర్డ్ అన్నీ అక్కడే కొడతాను. మీరిద్దరూ ఇంతసేపు కొట్టుకున్నారు, కుర్చీలో కూర్చునే మాకు ఆ సిస్టమ్ పాతదని ఎవరైనా చెప్తారా అని ఒక్కరూ అడగలేదు. ఆ పిల్లాడికి తెలుసు కాబట్టి లేచిపోయాడు. మాకు తెలియదు కాబట్టి కూర్చుంటాం.

దర్గామిట్ట_బాబు:
అమ్మా, నిజం.

కావలి_నెట్‌సెంటర్:
అమ్మా, ఈ మాట గట్టిగా తగిలింది. నా దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది పాస్‌వర్డ్ కాగితం మీద రాసి నా చేతికిస్తారు. అన్ని సిస్టమ్స్ ఒకేసారి మార్చే స్తోమత నాకు లేదు. పాస్‌వర్డ్ పనులకి ఒక్కటి వేరుగా పెట్టొచ్చా?

కోవూరు_కోడర్:
పెట్టొచ్చు. 4 జీబీ ర్యామ్ ఉన్నదాన్ని ఎంచుకుని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యండి, డబ్బులు కట్టక్కర్లేదు. అందులో ఉండే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. బ్యాంకు, ఆధార్, పెన్షన్ దానిలోనే. మిగతావి ప్రింట్లకి, టైపింగ్‌కి ఉంచి నెట్ వైరు తీసేయండి. ఏ సిస్టమ్‌లో ఏ పని చెయ్యాలో పెద్దక్షరాలతో రాసి అంటించండి.

ఒంగోలు_హార్డ్‌వేర్:
మింట్ మీద బయోమెట్రిక్ నడవకపోతే?

కోవూరు_కోడర్:
దానికి ఒక్క కొత్త సిస్టమ్ కొనాల్సిందే. అందులో తగ్గను.

ఒంగోలు_హార్డ్‌వేర్:
నేనూ తగ్గను. ఒక్కటే అన్నావ్ కదా, ఆ ఒక్కటి కొనలేనివాళ్లు పామూరు, కనిగిరి వైపు బోలెడుమంది ఉన్నారు. కావలి తమ్ముడూ, మిషన్ మోడల్ నంబర్ ఇక్కడ పెట్టు. మింట్‌కి డ్రైవర్ ఉందో లేదో నేనే చూసి చెప్తా. ఆదివారం అటు వచ్చే పనుంది, ఇన్‌స్టాల్ కూడా చేస్తా.

కావలి_నెట్‌సెంటర్:
సాయంత్రం షాపు కట్టేలోపు పెడతానన్నా.