హాలు గోడకి వేసిన ఎనామిల్ కారింది, ముడతలు పడింది. సరిచేయడం ఎలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ)
హాల్లో 12 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర ఎత్తు ఉన్న గోడకి ఆయిల్ ఎనామిల్ వేయించాం. గోడంతా బ్రష్ గీతలు, అక్కడక్కడా కారిన చారలు. కింద అడుగు ఎత్తు వరకూ ముడతలు. పది రోజులైనా గోరు దిగుతోంది. ఇంకో కోటు వేస్తే కప్పేస్తుందని పెయింటర్ అంటున్నాడు. వేయించమంటారా, లప్పం పెట్టించి ఎమల్షన్‌కి (నీళ్లతో కలిపే రంగు) మారిపోమంటారా?

జవాబు (గాజువాక)
ఇప్పుడు ఇంకో కోటు వద్దే వద్దండి. ఎనామిల్ గాల్లో ఆక్సిజన్ తీసుకుని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముడతలు అందుకే. మన ఉక్కపోతకి ఇంకా ఆలస్యం. టర్పెంటైన్ బదులు కిరోసిన్ కలిపారేమో కూడా అడగండి, అదీ ఆరనివ్వదు.

మధ్యాహ్నం కిటికీలు తీసి, ఫ్యాను వేసి, గోరు దిగనంత వరకూ ఆగండి. పచ్చి మీద గరుకు కాగితం రుద్దితే జిగురు పట్టి పాడవుతుంది. ముడతలున్న మేర ఎటూ ఆరదు, లప్పం బ్లేడుతో గీకేయాల్సిందే. కారిన చారల్ని ఆరాక బ్లేడుతో చెక్కి, గోడంతా 180 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) సబ్బునీళ్లు పెట్టి రుద్దాలి, ఆపైన 320. మెరుపు ఎక్కడా మిగలకూడదు. మంచినీళ్లతో తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి, గీకినచోట ఆయిల్ లప్పం పలచగా లాగండి. అదీ ఆరాక రుద్ది, దాని మీద ప్రైమర్. ప్రైమర్ మానేస్తే ఆ మచ్చలు మెరుపు లేకుండా కనపడతాయి.

కొత్త కోటుకి రంగు వడకట్టి, లీటరుకి 50 నుంచి 100 మిల్లీలీటర్ల టర్పెంటైన్, అంతే. మీ గోడకి కోటుకి లీటరు చాలు. రోలరుతో పరిచి, వెంటనే బ్రష్ కొసతో కింది నుంచి పైకి ఒక్కసారి లాగి వదిలేయాలి. మళ్ళీ దిద్దడానికి వెళ్తేనే గీతలు.

జవాబు (పెదవాల్తేరు)
ముడతలు కింద మాత్రమే ఉండటం నాకు నచ్చలేదు. అవతల బాత్రూమ్ ఉందా? గీకినచోట ప్లాస్టరు మీద అడుగు చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండ్రోజులు చూడండి. లోపలివైపు నీటి చుక్కలు కనపడితే చెమ్మే. పైగా కొత్త ప్లాస్టరైతే సిమెంటు క్షారం నూనెని సబ్బుగా మార్చేస్తుంది. ఆ జిగట ఎన్నాళ్లున్నా ఆరదు.

ఎమల్షన్ సంగతి: ఎనామిల్ మీద వైట్ సిమెంట్ లప్పం పెట్టొద్దు. పీల్చుకునే గోడైతేనే అది పట్టు నిలుపుకుంటుంది, నున్నటి ఎనామిల్ మీద పెచ్చులూడుతుంది. బాగా రుద్ది, ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేసి, ఆపైన ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి.

పాత ఇల్లైతే పొడిగా మాత్రం రుద్దనివ్వకండి, పాత రంగులోని సీసం ధూళిగా లేస్తుంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది, అడుగు పొరల్లో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు
అవునండి, అవతల బాత్రూమే. ప్లాస్టరు మాత్రం పాతదే.

జవాబు (పెదవాల్తేరు)
అయితే ముందు ప్లంబర్‌ని పిలవండి. టైల్స్ సందులు, పైపు చూపించాక, కింది భాగం ప్లాస్టరు దాకా గీకి వదిలేయండి. షీటు పరీక్షలో పొడిగా తేలాకే రంగు మాట.